కడుపులో పెట్టుకున్న మాట

మా అమ్మ ఎడంచేతి బొటనవేలి మొదట్లో ఒక మచ్చ ఉండేది. వంకాయలు తరుగుతూ కత్తిపీట మీద కోసుకున్న గాటు అది. అంత పెద్దదేం కాదు. పసుపు అద్ది, పాతచీర పేలిక చుట్టి, ఆ చేత్తోనే పులుసు కూడా పెట్టేసింది. వంటింట్లో అలాంటి గాట్లు ఎన్ని తగలవు, ఎన్ని మానవు! ఇది మాత్రం మానలేదు. వారం గడిచింది, పదిహేను రోజులు గడిచాయి, నెల దాటినా పచ్చిపచ్చిగానే ఉంది. షుగరేమోనని పరీక్ష చేయించారు, లేదన్నారు. నీళ్ళలో చెయ్యి పెట్టడం మానమన్నారు డాక్టరుగారు. ఇల్లాలికి అది కుదిరే పనేనా?

అప్పటికి మా నాయనమ్మ మంచాన పడి రెండేళ్ళు దాటింది. మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. అమ్మ ముద్ద కలిపి తీసుకెళితే, “ఎవరే నువ్వు? మా ఇంట్లోకి ఎందుకొచ్చావు?” అని గద్దించేది. “నేనేనండీ అత్తయ్యగారూ, మీ కోడల్ని” అని రోజుకు పదిసార్లు చెప్పుకుని, బుజ్జగించి, ఆ ముద్ద తినిపించేది అమ్మ. చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా, “మీ అమ్మది భూదేవంత ఓర్పమ్మా, అన్నీ కడుపులో పెట్టుకుంటుంది” అని మెచ్చుకుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయేవారు.

ఆ మానని గాటుకీ, ఈ కడుపులో పెట్టుకోవడానికీ ఏమైనా సంబంధం ఉందేమోనన్న ఊహ అప్పుడు మాకెవరికీ రాలేదు. ఆ మాటకొస్తే చాలామంది శాస్త్రజ్ఞులకీ రాలేదు. అది ఎలా వచ్చిందో, ఎంత ఆలస్యంగా వచ్చిందో చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

మీరు గమనించారో లేదో, మనం మనసు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కడుపు గురించి చెబుతాం. అసూయ పుడితే కడుపుమంట అంటాం. మంచి వార్త వింటే కడుపు నిండిందంటాం. పిల్లల కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎవరైనా నోరు జారితే, “పోనీలే, కడుపులో పెట్టుకో తల్లీ” అని బతిమాలుకుంటాం. ఇవన్నీ మాటవరసకి అనుకునేవే. తమాషా ఏమిటంటే, మనసులోని బాధ ఒంటినేం చేస్తుందో శాస్త్రజ్ఞులు తెలుసుకోవడం మొదలెట్టింది కూడా కడుపు దగ్గరే. అదీ, అక్షరాలా కడుపులోకి తొంగిచూసి!

అది 1822 జూన్ 6. అమెరికా ఉత్తరాన పెద్ద పెద్ద సరస్సుల మధ్య మాకినా అనే చిన్న దీవి. బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే కంపెనీ కొట్లో ఎవరి తుపాకో పొరపాటున పేలింది. పక్కనే నిలబడ్డ అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పడవ కూలీకి డొక్కలో గుండ్లు దూసుకుపోయాయి. సైన్యంలో డాక్టరు విలియం బోమాంట్ పరుగున వచ్చి చూసి, బతకడనే అనుకున్నాడు. బతికాడు. కాని గాయం మానేటప్పుడు కడుపుకి పడ్డ చిల్లు మూసుకుపోలేదు. చర్మానికి అతుక్కుని ఒక కిటికీలా ఉండిపోయింది. వేలితో నెట్టి చూస్తే లోపల జరిగేదంతా కనిపించేది!

బోమాంటుకి ఇంతకంటే ఏం కావాలి? ఆ కూలీని ఇంట్లో పనికి పెట్టుకున్నాడు. మాంసం ముక్కా, రొట్టె ముక్కా, క్యాబేజీ ముక్కా పట్టుదారానికి కట్టి ఆ కిటికీలోంచి లోపలికి వదిలి, గంటకోసారి లాగి చూసేవాడు. కొన్నేళ్ళలో 200కు పైగా పరీక్షలు చేసి 1833లో పుస్తకం వేశాడు. తిండి అరగడాన్ని గురించి అంతవరకూ ఎవరికీ తెలియని సంగతులెన్నో అందులో ఉన్నాయి. వాటితోపాటు ఒక చిన్న సంగతి కూడా రాశాడు: సెయింట్ మార్టిన్‌కి కోపం వచ్చిన రోజున అరుగుదల దెబ్బతినేదట. మరి ఆ మనిషికి కోపం ఎందుకొచ్చేదో పెద్దగా విచారించినట్టు లేదు. రోజూ కడుపులోకి దారాలు వదిలి లాగుతుంటే ఎవరికి రాదూ! 1880లో అతను చనిపోయినప్పుడు, డాక్టర్లెవరూ ఆ కడుపు కోసం మళ్ళీ రాకుండా అతని ఇంటివాళ్ళు గొయ్యి బాగా లోతుగా తవ్వి పాతిపెట్టారు. ఆ కోపమంతా అలా తీర్చుకున్నారు పాపం.

కోపానికి కడుపు స్పందిస్తుందని తెలిసింది కాని, ఎలాగో తెలియలేదు. దానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. 1895లో జర్మనీలో రంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. ఆ తర్వాత కొద్దికాలానికే అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో వాల్టర్ కేనన్ అనే కుర్ర విద్యార్థి, పిల్లుల తిండిలో బిస్మత్ అనే ఖనిజం పొడి కలిపి పెట్టి, ఎక్స్‌రేలో వాటి కడుపు కదలికలు చూడటం మొదలెట్టాడు. మొదట్లో అతనికి ఏమీ అంతుపట్టలేదు. కొన్ని పిల్లుల కడుపు చక్కగా అలలు అలలుగా కదులుతోంది. కొన్నింటిలో అసలు చలనమే లేదు. బాగా తల బద్దలుకొట్టుకున్నాక తేలిందేమిటంటే, కదలనివన్నీ మగపిల్లులు! బల్లకి కట్టేయగానే అవి గింజుకుని, చిందులు తొక్కి, నానా హంగామా చేస్తున్నాయి. ఆడపిల్లులు, అందులోనూ కాస్త వయసు మళ్ళినవి, సరేలే ఏం చేస్తాం అన్నట్టు పడుకుని ఊరుకుంటున్నాయి. వాటి కడుపు మామూలుగా పనిచేస్తోంది.

ఒకసారి మాత్రం పిల్లల తల్లి అయిన ఒక ఆడపిల్లి, అప్పటిదాకా నిమ్మళంగా ఉన్నదల్లా, ఉన్నట్టుండి కలవరపడింది. అంతే! దాని కడుపు కదలిక టక్కున ఆగిపోయింది. కేనన్ దాని వీపు నిమిరాడు. నిమరగా నిమరగా అది గుర్రుగుర్రుమంటూ కుదుటపడింది. అప్పుడు మళ్ళీ కడుపులో అలలు మొదలయ్యాయి.

ఈ పిల్లిని కాస్త జ్ఞాపకం పెట్టుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

కేనన్ ఆ తర్వాత ప్రొఫెసరయి జీవితమంతా ఈ పనిమీదే ఉన్నాడు. 1915లో వేసిన పుస్తకంలో భయం, కోపం, ఆకలి, నొప్పి ఒంట్లో తెచ్చే మార్పులన్నీ వివరించాడు. అందులో మన దేశం ప్రస్తావన కూడా ఉంది. పూర్వం మన ధర్మశాస్త్రాలలో తండుల దివ్యం అనేది ఒకటుండేది. దొంగతనం జరిగితే అనుమానితులందరి చేతా పూజచేసిన బియ్యం నమిలించి రావి ఆకుమీద ఉమ్మించేవారు. ఎవరి బియ్యం తడవకుండా పొడిగా వస్తాయో వాడే దొంగ! భయంవల్ల నోట్లో లాలాజలం ఊరదని ఆ తీర్పరులకి తెలుసునన్నమాట. మనం “గొంతు తడారిపోయింది” అంటామే, దానిమీద నడిచిన న్యాయస్థానం అది. పట్టుబడతానేమోనన్న భయంతో దొంగకి నోరెండటం నిజమే. నిందపడుతుందేమోనన్న భయంతో అమాయకుడికీ అంతే నోరెండుతుందిగదా! పాపం, ఎందరు అమాయకులు బలయ్యారో.

కేనన్ చెప్పినదాని సారాంశం ఇది. ప్రమాదం ఎదురవగానే మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాలేయం దాచుకున్న చక్కెరని బయటపెడుతుంది. కడుపుకి వెళ్ళే రక్తం కండలకి మళ్ళుతుంది. గాయమైతే రక్తం త్వరగా గడ్డకట్టడానికి కూడా ఒళ్ళు సిద్ధమవుతుంది. ఇదంతా దేనికంటే, తిరగబడటానికో, లేకపోతే పారిపోవడానికో. పులి వెంటపడ్డప్పుడు అన్నం అరిగిందా లేదా అని చూసుకోం కదా!

ఇది నిజమేనా అని కేనన్, ఆయన శిష్యుడు ఫిస్క్ కలిసి హార్వర్డు ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మూత్రం పరీక్షించారు. ముఖ్యమైన పోటీ అయ్యాక 25 మందిలో 12 మందికి చక్కెర కనిపించింది. విచిత్రం ఏమిటంటే, ఆ పన్నెండుమందిలో ఐదుగురు అసలు ఆడనే లేదు! తమ వంతు వస్తుందేమోనని గట్టుమీద కూర్చుని చూసినవాళ్ళే. అన్నట్టు, ఈ ఫిస్క్ ఎవరనుకున్నారు? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారితో కలిసి, కండలకు తక్షణం శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో లోకానికి చూపించిన ఆయనే.

గట్టుమీద కూర్చున్న ఆ ఐదుగురి సంగతి నన్ను వదలదు. పరుగెత్తినవాడి చక్కెర పరుగులో ఖర్చయిపోతుంది. కూర్చుని ఆదుర్దాపడేవాళ్ళ మాటేమిటి? రాత్రి పదైనా ఇంటికి రాని కొడుకు కోసం గుమ్మంలో నిలబడ్డ తల్లి ఎవరిమీద తిరగబడుతుంది? ఎక్కడికి పారిపోతుంది?

దీనికి జవాబు కెనడాలో దొరికింది. హాన్స్ సెల్యే వియన్నాలో 1907లో పుట్టినవాడు. ప్రేగ్‌లో వైద్యం చదువుతుండగా ఒక రోజు ప్రొఫెసరు రకరకాల జబ్బుల రోగుల్ని వరుసగా చూపించి, ఏ లక్షణం ఏ జబ్బుదో వివరిస్తున్నాడు. సెల్యేకి మాత్రం వేరే ఆలోచన వచ్చింది: జబ్బులు వేరైనా వీళ్ళందరూ ఒకేలా ఉన్నారేం? అందరికీ నీరసమే, అందరికీ ఆకలి లేదు, అందరి మొహాలూ పీక్కుపోయే ఉన్నాయి. ఈ మాట పైకంటే నవ్వుతారని ఊరుకున్నాడు.

పదేళ్ళ తర్వాత మాంట్రియల్‌లో ఎలుకలకి ఏవో రసాలు ఎక్కిస్తూ కొత్త హార్మోను కోసం వెతుకుతున్నాడు. ఎలుకలన్నింటిలో మూడు మార్పులు కనిపించాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. ఒంటిని రోగాల నుంచి కాపాడే గ్రంథులు కుంచించుకుపోయాయి. కడుపులో పుళ్ళు పడ్డాయి. కొత్త హార్మోను దొరికిందని పొంగిపోయాడు. కాని ఏ రసం ఎక్కించినా అవే మూడు మార్పులు! చలిలో పెట్టినా అవే, అలిసిపోయేదాకా పరుగెత్తించినా అవే. పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరయిందనుకున్న సమయంలో ప్రేగ్‌లోని ఆ రోగుల మొహాలు గుర్తొచ్చాయిట. బాధ ఏదైనా ఒళ్ళు పలికే రాగం ఒకటేనని అప్పుడు తట్టింది. 1936 జూలై 4న 'నేచర్' అనే పత్రికలో ఒక పేజీ కూడా నిండని ఉత్తరం అచ్చయింది. ఇవాళ ఇంటింటా వినిపించే 'స్ట్రెస్' అన్న మాట ఆ ఉత్తరంలో లేనేలేదు. దూలం మీద బరువు పడితే ఇంజనీర్లు వాడే ఆ మాటని సెల్యే తర్వాత తెచ్చి మనుషులకి తగిలించాడు. మనం ఒత్తిడి అంటున్నాం.

సెల్యే చెప్పింది మూడు మెట్లు. మొదట ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. తర్వాత తట్టుకుని నిలబడుతుంది. ఈ రెండో మెట్టు మీద ఉన్నప్పుడు పైకి ఏమీ తెలియదు. మనిషి నవ్వుతూనే ఉంటుంది, వండుతూనే ఉంటుంది. కాని లోపల ఖర్చు జరుగుతూనే ఉంటుంది. మూడోది, ఉన్నదంతా అయిపోయి కూలబడటం. మనం ఓర్పు అని పొగిడేది చాలాసార్లు ఆ రెండో మెట్టునే కాబోలు.

సెల్యే చెప్పినవన్నీ నిలబడలేదు సుమండీ. మనుషుల కడుపులో పుళ్ళు దిగులువల్లే వస్తాయని చాలాకాలం నమ్మారు. 1984లో ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ సూక్ష్మజీవులున్న ద్రావకం తనే గటగటా తాగి, కడుపులో వాపు తెచ్చుకుని, చాలా పుళ్ళకి కారణం ఆ క్రిమేనని చూపించడానికి దారి వేశాడు. 2005లో ఆయనకీ, సహచరుడు వారెన్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇంకో మచ్చ కూడా ఉంది. సిగరెట్టు కంపెనీలు సెల్యే పరిశోధనకి డబ్బిచ్చాయని ఆ తర్వాత ఆ కంపెనీల కాగితాల్లోనే బయటపడింది. గుండెజబ్బుకి కారణం పొగ కాదు, ఒత్తిడి అని జనం అనుకుంటే వాళ్ళకి లాభమేగా! అందుచేత ఏ జబ్బు వచ్చినా, “నీ మనసులోనే ఉంది, దిగులు మానెయ్” అనేవాళ్ళని చూస్తే నాకు భయం. పరీక్ష చేయించాల్సిన జబ్బుకి పరీక్ష చేయించాల్సిందే.

సరే, ఎలుకలయ్యాయి. మనుషుల బాధని తూచేదెలా? 1967లో అమెరికాలోని సియాటిల్‌లో హోమ్స్, రాహే అనే ఇద్దరు డాక్టర్లు ఒక పట్టిక తయారుచేశారు. జీవితంలో వచ్చే 43 మార్పులకి మార్కులు వేశారు. భార్యో భర్తో పోతే 100. విడాకులైతే 73. పెళ్ళికి 50. క్రిస్మస్ పండక్కి 12. ఇంకా వినండి, అత్తింటివాళ్ళతో గొడవలకి 29! “ఇరవై తొమ్మిదేనా?” అని మా స్నేహితురాలు ఒకావిడ తెల్లబోయింది. పట్టిక మన ఊళ్ళో తయారుచేసి ఉంటే ఆ అంకె ఎక్కడుండేదో మీరే ఊహించుకోండి.

నవ్వులకేం గాని, ఆ పట్టికలో ఒక వరుస దగ్గర నేను ఆగిపోయాను. “భార్య ఉద్యోగంలో చేరడం, మానడం” అన్నదానికి 26 మార్కులు వేశారు. ఎవరికండీ ఆ మార్కులు? ఉద్యోగంలో చేరే భార్యకి కాదు, ఆవిడ భర్తకి! పట్టిక రాసిన చేతులు అనుకోకుండానే మగవాడి కుర్చీలో కూర్చుని రాశాయన్నమాట. రాహే ఆ పట్టికని పరీక్షించింది కూడా అమెరికా నౌకాదళంలోని నావికుల మీద.

వీళ్ళని ఒక్కళ్ళనే అనడం దేనికి? ఎప్పుడూ తొందరపడుతూ, గడియారంతో పోటీపడే స్వభావానికి 'టైప్ ఏ' అని పేరుపెట్టిన శాన్ ఫ్రాన్సిస్కో గుండె డాక్టర్లు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ 1960లో మొదలెట్టిన పెద్ద పరిశీలనలో 3,154 మంది ఉన్నారు. అందరూ మగవాళ్ళే. కాలిఫోర్నియా ప్రొఫెసరు షెల్లీ టేలర్ 2000లో లెక్కతీసి రాసింది: 1995కి ముందు, ఒత్తిడి వల్ల ఒంట్లో వచ్చే మార్పుల మీద జరిగిన పరీక్షల్లో పాల్గొన్నవాళ్ళలో ఆడవాళ్ళు దాదాపు 17 శాతమే! నెలనెలా మారే హార్మోన్లవల్ల లెక్కలు కలగాపులగమైపోతాయని ఆడవాళ్ళని పక్కన పెట్టారట. చూశారా, మొట్టమొదట సాక్ష్యం చెప్పిన జీవుల్లో ఒకటి పిల్లల తల్లి. ఆ తల్లిపిల్లిని మరిచిపోయి నూరేళ్ళపాటు మగవాళ్ళ కోపాన్నే కొలిచారు.

మధ్యలో ఒకరిద్దరు తలుపు తట్టకపోలేదు. ఫ్రామింగ్‌హామ్ అనే అమెరికా ఊళ్ళో గుండెజబ్బుల మీద 1948 నుంచీ జరుగుతున్న పరిశీలనలో మొదటినుంచీ ఆడవాళ్ళు కూడా ఉన్నారు. దాన్ని ఆధారం చేసుకుని సుజాన్ హేన్స్ అనే ఆవిడ, ఫైన్‌లైబ్ అనే ఆయన 1980లో ఒక సంగతి బయటపెట్టారు. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళందరికీ గుండెజబ్బు ఎక్కువేం కాదు. గుమాస్తా ఉద్యోగాలు చేసేవాళ్ళకి మాత్రం ఇళ్ళల్లో ఉండేవాళ్ళకన్నా దాదాపు రెట్టింపు, అంటే నూటికి 10.6 మందికీ 5.4 మందికీ ఉన్న తేడా. అందులో మరీ ఎవరికి? ఏమాత్రం సాయపడని పైఅధికారి ఉండి, ఉద్యోగంలో ఎదుగూబొదుగూ లేక, వచ్చిన కోపాన్ని పైకి చూపకుండా మింగేవాళ్ళకి.

మింగేవాళ్ళకి! కడుపులో పెట్టుకునేవాళ్ళకి.

ఇక మా అమ్మ గాటు దగ్గరికి వస్తాను. 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ అనే ప్రొఫెసరు, ఆవిడ భర్తా, వారి సహచరులూ కలిసి ఒక పరీక్ష చేశారు. మతిమరుపు జబ్బుతో ఉన్న ఇంటి పెద్దల్ని ఏళ్ళ తరబడి చూసుకుంటున్న ఆడవాళ్ళని 13 మందిని తీసుకున్నారు. అదే వయసులో, అలాంటి బాధ్యత లేని ఆడవాళ్ళని ఇంకో 13 మందిని తీసుకున్నారు. అందరికీ మోచేతి కింద చిన్న గాయం, పెసరబద్దంత ఉంటుందేమో, జాగ్రత్తగా చేశారు. అది మానేదాకా ఎదురుచూశారు. బాధ్యత లేనివాళ్ళ గాయం సగటున 39 రోజుల్లో మానింది. రోగిని చూసుకునేవాళ్ళకి దాదాపు 49 రోజులు పట్టింది!

ఈ సంగతి మొదటిసారి చదివిన రోజున పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. అమ్మ బొటనవేలు కళ్ళముందు మెదిలింది.

2004లో ఇంకోటి వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎలిసా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ అనే ఇద్దరు మహిళలూ, వారి బృందమూ 58 మంది తల్లుల రక్తం పరీక్షించారు. అందులో 39 మందికి దీర్ఘరోగంతో ఉన్న బిడ్డలున్నారు. మన జీవకణాల్లోని పోగులకి చివర్లలో టెలోమియర్లనే తొడుగులుంటాయి. చీరచెంగు పోగులు ఊడిపోకుండా కొసని కుచ్చుముళ్ళు వేస్తామే, అలాంటివనుకోండి. వయసుతోపాటు అవి అరుగుతాయి. బిడ్డని ఎన్నేళ్ళుగా చూసుకుంటున్నారో అంతగా ఆ ముళ్ళు అరిగి ఉన్నాయి. ఒత్తిడి అందరికన్నా ఎక్కువగా ఉందన్న తల్లులకీ, అందరికన్నా తక్కువగా ఉందన్న తల్లులకీ పోలిస్తే కనీసం పదేళ్ళ వయసు తేడా కనిపించింది. అయితే ఇందులోనే ఒక ఆశ కూడా ఉంది. బిడ్డకి జబ్బున్న తల్లులంతా అరిగిపోలేదు. బరువు ఒకటే అయినా, అది మోయలేనిదిగా అనిపించిందా, పదిమందీ పట్టుకున్నట్టు తేలిగ్గా ఉందా అన్నదానికీ లెక్క ఉంది.

ఆ పదిమంది మాటే షెల్లీ టేలర్ 2000లో చెప్పింది. భయం వేస్తే తిరగబడటం, పారిపోవడం ఈ రెండే దారులా? చంకలో బిడ్డ ఉన్న తల్లికి రెండూ కుదరవు. ఆమె ముందు బిడ్డని దగ్గరికి తీసుకుంటుంది. తర్వాత తోటివాళ్ళ దగ్గరికి చేరుతుంది. చేరదీయడం, చెలిమి చేయడం అనేది మూడో దారి అని టేలరూ, ఆమె తోటివాళ్ళూ ప్రతిపాదించారు. బిడ్డకి పాలిచ్చేటప్పుడు పుట్టే ఆక్సిటోసిన్ అనే హార్మోను ఇందులో సాయపడుతుందేమోనన్నారు. ఆడవాళ్ళకి కోపం రాదనీ కాదు, మగవాళ్ళకి స్నేహం తెలియదనీ కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ కొలవని దారి ఒకటుందని గుర్తుచేశారంతే. కేనన్ పిల్లి కుదుటపడిందెప్పుడు? వీపు నిమిరినప్పుడే కదా!

మా పక్కింటి పిన్నిగారు మధ్యాహ్నాలు చేటలో బియ్యం పోసుకుని మా అరుగుమీదికి వచ్చేది. రాళ్ళు ఏరుతూ ఇద్దరూ గంటసేపు ఏవేవో చెప్పుకునేవారు. ఒక్కోసారి అమ్మ కళ్ళు తుడుచుకునేది, ఒక్కోసారి పకపకా నవ్వేది. “మీ ఆడవాళ్ళకి ఈ పోచికోలు కబుర్లు లేకపోతే తోచదు” అని మా నాన్నగారు పేపరు వెనకనుంచి విసుక్కునేవారు. అమ్మకి ఆ రోజు మొత్తంలో అందిన మందు ఆ గంటే అని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఇంతకీ ఆ గాటు మానిందా అంటారా? మానింది. మా చిన్నపిన్ని వచ్చి నెల్లాళ్ళు ఉంది. రాత్రిళ్ళు నాయనమ్మ దగ్గర తను పడుకుని, “అక్కా, నువ్వు లోపలికెళ్ళి నిద్రపో” అనేది. అంట్లు, బట్టలు తనే చూసుకునేది. ఆ నెలలో గాటు మానింది. నీళ్ళలో చెయ్యి పెట్టకపోవడంవల్లే మానిందని మా నాన్నగారు అన్నారు. కావచ్చు. పదముగ్గురు, పదముగ్గురు ఆడవాళ్ళ మీద చేసిన పరీక్షని పట్టుకుని మా అమ్మ వేలి సంగతి నేను తేల్చి చెప్పలేను. నీళ్ళు తగలకపోవడమూ, నిద్ర పట్టడమూ, చెల్లెలు పక్కన ఉండటమూ ఒక్కసారే జరిగాయి. ఏది ఎంత పనిచేసిందో ఎవరు చెప్పగలరు?

ఒక్కటి మాత్రం తేల్చి చెప్పగలను. ఆ రెండేళ్ళలో మా ఇంటికి వచ్చినవాళ్ళంతా, “నాయనమ్మకి ఎలా ఉంది?” అని అడిగారు. కాలేజీ సెలవులకి ఇంటికొచ్చిన నేనూ గుమ్మంలోనే అదే అడిగాను. “నీకెలా ఉందమ్మా?” అని నేను అడిగిన గుర్తు లేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో! బహుశా, “నాకేం, బాగానే ఉన్నాను” అనే అనేదేమో. అయినా అడిగి ఉండవలసింది.

అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు మంచాన పడ్డారని తెలిసి చూడటానికి వెళితే, నేనొక పని చేస్తున్నాను. రోగిని పలకరించాక వంటింటి వైపు వెళతాను. అక్కడ స్టవ్ దగ్గర నాకోసం కాఫీ కలుపుతూ ఒకావిడ ఉంటుంది. “కాఫీ తర్వాత తాగుతాను గాని, ముందు నువ్విలా వచ్చి కూర్చో. నీకెలా ఉందమ్మా?” అంటాను. మొదట, “నాకేమండీ” అనే అంటారు. కాసేపు ఊరికే కూర్చుంటాను. తర్వాత ఒక్కొక్క మాటే బయటికి వస్తుంది.